చిలుక ఈకలు పీక్కుంటోందా? తిట్టకండి, కారణం వెతకండి

సోమవారం ఓపీ. మధ్యాహ్నం ఒంటి గంట దాటింది. కాజీపేట నుంచి వచ్చిన దంపతులు నా ముందు కూర్చున్నారు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. నాలుగు నెలలుగా పొడి దగ్గు. మేడ మెట్లెక్కితే ఆయాసం. అప్పటికే రెండుసార్లు యాంటీబయాటిక్స్ కోర్సు పూర్తి చేశారు. కళ్లె పరీక్షలో టీబీ లేదని తేలింది. సిగరెట్ అలవాటు ఉందా అని అడిగాను. లేదన్నారు. దుమ్ములో పని ఏమైనా చేస్తున్నారా అంటే అదీ లేదన్నారు. సీటీ స్కాన్‌కు చీటీ రాస్తుండగా ఆయన భార్య కాస్త మొహమాటంగా అడిగారు.

"మేడం, ఇంకో ముచ్చట. మా ఇంట్ల చిలుక ఉన్నది. ఈకలన్నీ పీక్కుంటున్నది. ఛాతీ అంతా బోడిగైంది. ఏదన్న మందు రాస్తరా?"

బయట ఇంకా నలభై మంది వరుసలో ఉన్నారు. నవ్వి పంపించేయొచ్చు. కానీ నా పెన్ను ఆగిపోయింది. సిగరెట్ గురించి, దుమ్ము గురించి, కూలర్ గురించి అన్నీ అడిగిన నేను, ఇంట్లో పక్షి ఉందా అని మాత్రం అడగలేదు. ఆ ఇంట్లో రోగులు ఒకరు కాదు, ఇద్దరు. ఒకరు దగ్గుతున్నారు, ఒకరు ఈకలు పీక్కుంటున్నారు. ఆ ఇద్దరి కథా ఒకే గదిలో మొదలైంది.

నేను పశువైద్యురాలిని కాదు. మనుషుల డాక్టర్ని. ఈ వ్యాసంలో పక్షికి మందు రాయబోవడం లేదు. అయితే ఇరవై ఏళ్లుగా రోగులను చూస్తూ నేర్చుకున్న ఒక పాఠం పక్షికీ వర్తిస్తుంది. జ్వరం రోగం కాదు, రోగ లక్షణం. ఈకలు పీక్కోవడమూ అంతే. ఆ లక్షణాన్ని అణచడానికి కాదు, దాని వెనకున్న కారణాన్ని పట్టుకోవడానికి ప్రయత్నించాలి. అలా వెతుకుతూ పోతే చాలాసార్లు మన ఇంటి తీరే బయటపడుతుంది.

రాలడం వేరు, పీకడం వేరు

ముందు ఒక భయం తీసేద్దాం. పంజరం అడుగున ఈకలు కనిపించగానే కంగారు పడక్కర్లేదు. చిలుకలు పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటాయి. అప్పుడు ఈకలు రెండు వైపులా సమానంగా, కొద్ది కొద్దిగా రాలతాయి. ఒంటి మీద బోడి మచ్చలు పడవు. దగ్గరగా చూస్తే సన్నని ముళ్లలాంటి కొత్త మొలకలు కనిపిస్తాయి. ఇది సహజం.

పీక్కోవడం అలా ఉండదు. ఛాతీ, రెక్కల లోపలి భాగం, తొడలు, అంటే ముక్కు అందే చోటల్లా ఖాళీ అవుతూ వస్తుంది. ఈకలు కొరికినట్టు, చివర్లు చీలినట్టు ఉంటాయి. ఇక్కడ ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. చిలుక తల చూడండి. తల మీది ఈకలు నిండుగా ఉండి, మెడ కింద నుంచి బోడిగా ఉంటే అది తనే పీక్కుంటోందని అర్థం. ఎందుకంటే తన తలను తన ముక్కు అందుకోలేదు. తల మీద కూడా ఈకలు పోతుంటే పంజరంలోని రెండో పక్షి పీకుతూ ఉండాలి, లేదా ఈకలను దెబ్బతీసే వైరస్ లాంటి జబ్బు ఏదైనా ఉండాలి.

ఇంకో సంగతి గమనించండి. చెట్ల మీద బతికే చిలుకల్లో ఈ అలవాటు దాదాపు కనిపించదు. సాయంత్రం పూట రైల్వే కాలనీ పాత చెట్ల మీదికి గోలగోలగా చేరే గుంపులను చూడండి. ఒక్కటైనా బోడి ఛాతీతో కనిపిస్తుందా? ఇది పంజరంలో పుట్టిన కష్టం. ఆ మాట మనసులో పెట్టుకుని ముందుకు వెళ్దాం.

ముందు ఒళ్లు, తర్వాత మనసు

"పాపం, దానికి బోరు కొడుతోంది" అని మనమే తేల్చేసుకుంటాం. కావచ్చు. కానీ మెడిసిన్‌లో మాకు మొదట నేర్పేది, మానసిక సమస్య అని ముద్ర వేసే ముందు ఒంట్లో జబ్బు లేదని నిర్ధారించుకోవడం. చిలుక విషయంలోనూ మొదటి మెట్టు పశువైద్యుడే. చర్మానికి ఇన్ఫెక్షన్, పేగుల్లో పరాన్నజీవులు, కాలేయ జబ్బు, ఈకల వైరస్, ఒంట్లో చేరిన సీసం లేదా జింక్, వీటిలో ఏదైనా పీకుడుకు కారణం కావచ్చు. జింక్ ఎక్కడి నుంచి వస్తుందని మీకు అనుమానం రావచ్చు. చౌకగా దొరికే గాల్వనైజ్డ్ తీగ పంజరాల పూత నుంచి వస్తుంది. చిలుక రోజంతా ఆ తీగలనే కొరుకుతుంది కదా! పాత ఇనుప పంజరానికి వేసిన పెయింటులో సీసం ఉండొచ్చు.

దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలలో ముందు చూపించండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. హైదరాబాద్ వెళ్లగలిగితే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉంది. ఆవులు, కుక్కలను చూసే అనుభవం వేరు, పక్షులను చూసే అనుభవం వేరు. అందుకే "పక్షులను చూసే డాక్టర్ ఎవరు?" అని అడిగి వెళ్లండి. వెళ్లేటప్పుడు పంజరం, దాన్ని ఉంచిన గది ఫొటోలు తీసుకెళ్లండి. వారం రోజులు ఏమేం పెట్టారో కాగితం మీద రాసుకోండి. ఆ రోజు వేసిన రెట్టను శుభ్రమైన కవర్‌లో పట్టుకెళ్లండి. పక్షిని చిన్న బుట్టలోనో పెట్టెలోనో ఉంచి, గాలి ఆడేలా పల్చని గుడ్డ కప్పి తీసుకెళ్లండి.

రక్తం కారుతున్నా, ఈకలు దాటి చర్మాన్ని, కండను కొరుక్కుంటున్నా, తిండి మానేసినా, ఒళ్లంతా ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చున్నా, ఊపిరి తీస్తున్నప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతున్నా రేపటిదాకా ఆగొద్దు. పక్షులు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. మనకు కనిపించేసరికే అది ముదిరి ఉంటుంది.

గిన్నెలో ఏముంది?

చిలుకకు ఏం పెడుతున్నారని ఆ అమ్మను అడిగాను. "పొద్దుతిరుగుడు గింజలు, పచ్చిమిర్చి, జామపండు. సాయంత్రం మేం తినే మిర్చి బజ్జీల ఒక ముక్క" అన్నారు. చాలా ఇళ్లలో ఇదే మెనూ.

పచ్చిమిర్చితో ఇబ్బంది లేదు. మిరపలోని కారం పక్షుల నాలుకకు తెలియదు. అందుకే మనకు కళ్లలో నీళ్లు తెప్పించే కాయను చిలుక మిఠాయిలా తింటుంది. ఇబ్బందల్లా గింజలతో. పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వు ఎక్కువ. విటమిన్ 'ఎ', కాల్షియం తక్కువ. ఏళ్ల తరబడి అవే తింటే చర్మం పొడిబారుతుంది, ఈక నాణ్యత తగ్గుతుంది, కాలేయానికి కొవ్వు పడుతుంది. రోజూ పూరీలే తిని బతికే మనిషి ఆరోగ్యం ఎలా ఉంటుందో ఊహించండి.

తోటకూర, మునగాకు, కొత్తిమీర, క్యారెట్, గుమ్మడి, బొప్పాయి, జామ, ఉడికించిన పప్పుగింజలు, మొలకలు, కొద్దిగా చిరుధాన్యాలు పెట్టొచ్చు. అన్నీ బాగా కడిగి పెట్టాలి. మార్పు నెమ్మదిగా జరగాలి. ఒక్కరోజులో గింజలు ఆపేస్తే కొన్ని పక్షులు కొత్త తిండిని ముట్టక పస్తులుండి చనిపోతాయి. బజ్జీలు, చిప్స్, ఉప్పు పదార్థాలు, టీ, కాఫీ, చాక్లెట్ పెట్టొద్దు. అవకాడో అయితే పక్షులకు విషమే.

గాలి సంగతి కూడా చూడాలి. పక్షి ఊపిరితిత్తులు మనకంటే చాలా సున్నితం. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్, సిగరెట్ పొగ, రూమ్ ఫ్రెష్‌నర్, ఇవన్నీ చర్మాన్ని, శ్వాసను ఇబ్బంది పెడతాయి. నాన్‌స్టిక్ పెనం మాడిపోయేంత వేడెక్కితే వచ్చే పొగ పక్షిని నిమిషాల్లో చంపేయగలదు. పంజరాన్ని వంటింట్లో ఎప్పుడూ పెట్టొద్దు. మన వరంగల్ ఎండల్లో పొడి గాలికి చర్మం దురద పెడుతుంది. రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్లు సన్నని తుంపరలుగా చల్లండి. లేదా వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టి స్నానం చేయనివ్వండి.

ఇవి మాత్రం చేయొద్దు

నా తప్పు ఒకటి చెప్పి మొదలుపెడతాను. కొన్నేళ్ల కిందట మా అమ్మాయి ముచ్చటపడితే కాకటీల్ పిట్టను తెచ్చాం. తర్వాత అమ్మాయి హాస్టల్‌కు వెళ్లింది. నాకు, మా ఆయనకు డ్యూటీలు. పిట్ట రోజంతా తాళం వేసిన ఇంట్లో ఉండేది. రెక్క కింద పీక్కోవడం మొదలుపెట్టింది. ఎండీ చదివిన నేనేం చేశాను? ఇంట్లో ఉన్న దురద ఆయింట్‌మెంట్ రాశాను. పశువైద్యుడి దగ్గరికి వెళ్తే ఆయన మొహం మీదే అన్నారు: "మేడం, మీ పేషెంట్ మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీమ్ తెచ్చుకుని రాసుకుంటే మీరు ఊరుకుంటారా?"

ఊరుకోను. రోజూ తిడతాను. పక్షుల ఒంటికి స్టెరాయిడ్ల ప్రభావం మరీ ఎక్కువ. పైగా పూసిందంతా ముక్కుతో నాకి మింగేస్తుంది. మా పిట్ట బతికింది. ఈకలు చాలావరకు తిరిగొచ్చాయి. రెక్క కింద ఒక చోట మాత్రం రూపాయి బిళ్లంత మేర ఇప్పటికీ బోడిగానే ఉంది. ఈక మొలిచే కుదురు పదేపదే దెబ్బతింటే అక్కడ ఇక మొలవదు. ఆలస్యానికి మేం కట్టిన మూల్యం అది.

అందుకే చెబుతున్నాను. కొబ్బరినూనె, వేపనూనె, పసుపు ముద్ద రాయొద్దు. నూనె అంటితే ఈకలు అతుక్కుపోయి ఒంటి వేడిని కాపాడలేవు. మన దురద మాత్రలు, నిద్రమాత్రలు పొడి చేసి నీళ్లలో కలపొద్దు. చేదు స్ప్రేలు కొట్టి లాభం లేదు. మెడకు అట్ట పట్టీ కట్టడం మీ అంతట మీరు చేయొద్దు. చర్మాన్ని గాయపరచుకుంటున్నప్పుడు ప్రాణాపాయం తప్పించడానికి డాక్టర్ వేసే కట్టు అది. కారణాన్ని వదిలేసి పట్టీ కట్టడం, ఏడ్చే పిల్లాడి నోరు మూయడం లాంటిది.

మరొకటి కూడా ఉంది. పీక్కుంటున్నప్పుడు "ఏయ్!" అని అరుస్తూ పరుగెత్తొద్దు. రోజంతా ఎవరూ పలకరించని పిట్టకు తిట్టు కూడా పలకరింపే. ఈక పీకితే అమ్మ వస్తుందని అది నేర్చుకుంటుంది. ఆ సమయంలో మౌనంగా ఉండండి. అది ఆడుకుంటున్నప్పుడు, తింటున్నప్పుడు వెళ్లి మాట్లాడండి.

పనిలేని ముక్కు

ఒంట్లో జబ్బేదీ లేదని తేలితే, అప్పుడు మనసు సంగతి. చెట్టు మీది చిలుక పొద్దున లేస్తే ఏం చేస్తుంది? గుంపుతో కలిసి ఎగురుతుంది. చేలు వెతుకుతుంది. కాయను కాలితో పట్టుకుని, తొక్క ఒలిచి, గింజ తీసి తింటుంది. గంటల తరబడి ముక్కుకు పనే పని. అదే మన ఇంట్లో? గిన్నె నిండా గింజలు ముందే పెట్టి ఉంటాయి. పది నిమిషాల్లో భోజనం అయిపోతుంది. మిగిలిన పగలంతా ఆ ముక్కు ఏం చేయాలి? ఎదురుగా ఉన్నవి తీగలు, తన ఈకలు. అంతే.

ఇది ఊహ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ పరిశోధకులు అమెజాన్ చిలుకలపై చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. కొన్ని పక్షులను మామూలు పంజరాల్లో ఉంచారు. కొన్నింటికి వెతుక్కుని తినే ఏర్పాట్లు, కొరకడానికి, ఎక్కడానికి వస్తువులు ఇచ్చారు. పని దొరికిన పక్షుల ఈకలు బాగున్నాయి. ఖాళీ పంజరాల్లోని పక్షులకు తర్వాత అవే ఏర్పాట్లు చేస్తే వాటి ఈకల స్థితి కూడా మెరుగుపడింది. మందు లేదు, మాత్ర లేదు. పని దొరికింది, అంతే.

దీనికి ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. పొట్టు తీయని మొక్కజొన్న కంకి, సజ్జ కంకి, జొన్న కంకి వేలాడదీయండి. మన చేలలో చిలుకలు ఎగబడేది వాటి మీదే కదా. గింజలను రాతల్లేని కాగితంలో చుట్టి, మడతపెట్టి ఇవ్వండి. విప్పుకుని తింటుంది. మందు కొట్టని వేప, జామ కొమ్మలు కడిగి పంజరంలో కట్టండి. కూర్చోవడానికి, కొరకడానికి రెండింటికీ పనికొస్తాయి. ప్లాస్టిక్ కర్ర తీసేసి ఎగుడుదిగుడు కొమ్మ పెట్టండి. నాలుగు రోజులకోసారి వస్తువులు మార్చండి. తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, రోజుకు కాసేపు గదిలో తిరగనివ్వండి.

నిద్ర మరో సమస్య. చిలుకకు 10 నుంచి 12 గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. మన ఇళ్లలో పంజరం ఉండేది హాల్లో, టీవీ పక్కన. సీరియళ్లు, వార్తా చర్చలు అయ్యేసరికి రాత్రి పదకొండు. పొద్దున ఐదింటికి కుక్కర్ విజిల్. నిద్రలేని మనిషి చిరాకు మనకు తెలుసు. పక్షిదీ అదే చిరాకు. రాత్రి ఏడెనిమిది గంటలకల్లా నిశ్శబ్దమైన గదిలోకి మార్చండి.

ముద్దు చేసే తీరు కూడా మారాలి. తల, మెడ నిమరడం వరకే. వీపు, తోక, రెక్కల కింద నిమిరితే పక్షి శరీరం దాన్ని జతకట్టే సంకేతంగా తీసుకుంటుంది. తీరని ఆ ఉద్రేకం కూడా ఈకల మీదికి మళ్లొచ్చు. ఒంటరితనం పోగొట్టాలని హడావుడిగా రెండో పిట్టను తేవద్దు. తెస్తే కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచాలి. లేకపోతే జబ్బు తేవచ్చు, పోట్లాట తేవచ్చు.

బీపీ పేషెంట్లకు మేం డైరీ రాయమంటాం. మీరూ రెండు వారాలు రాయండి. ఎప్పుడు పీక్కుంది, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది, ఎవరు బయటికి వెళ్లారు, పంజరం ఎక్కడ ఉంది. కారణం చాలాసార్లు ఆ డైరీలోనే దొరుకుతుంది. కొత్త ఈకలు రావడానికి నెలలు పడుతుంది. వారంలో ఫలితం లేదని వదిలేయొద్దు.

జుట్టు పీక్కునే పిల్లలు

ఇక్కడ ఆగి ఒక మాట. తలలో అక్కడక్కడా జుట్టు లేని మచ్చలతో కొందరు పిల్లలు మా దగ్గరికి వస్తుంటారు. ఎక్కువగా పదో తరగతి, ఇంటర్ వయసు ఆడపిల్లలు. చదువుకుంటూ కుదుళ్లతో సహా జుట్టు పీక్కుంటారు. ట్రైకోటిల్లోమేనియా అంటారు. ఆపుకోలేని స్థితి అది, మొండితనం కాదు. పశువైద్యులు చిలుకల పీకుడును దీనితో పోల్చి చూస్తారు. రెండూ ఒకటే అని నేను అనను. కానీ పెద్దవాళ్ల మొదటి స్పందన మాత్రం రెండు చోట్లా ఒకటే. తిట్టడం, చేతి మీద కొట్టడం, గుండు గీయించడం, నూనె పట్టించడం. "ఎందుకు పీక్కుంటున్నావ్?" అని గద్దించేవాళ్లే గానీ "నీకు ఎక్కడ ఇబ్బందిగా ఉంది?" అని అడిగేవాళ్లు తక్కువ.

పిల్లలకైతే నోరుంది, మెల్లగా అడిగితే చెబుతారు. అలాంటి పిల్లలను చర్మవైద్యుడికి, మానసిక వైద్యుడికి చూపించండి. చిలుకకు మనం నేర్పిన నాలుగు మాటలే వచ్చు. అందుకే దాని తరఫున మనమే ప్రశ్న వేసుకోవాలి.

ఊపిరితిత్తులు మనవి కూడా

ఇప్పుడు ఆ పెద్దాయన దగ్గరికి వద్దాం. సీటీ స్కాన్ వచ్చింది. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. తేలిక మాటల్లో చెప్పాలంటే, పీల్చిన దుమ్ము మీద ఒళ్లు తిరగబడి ఊపిరితిత్తులను వాచేలా చేసే జబ్బు. పక్షుల ఈకల పొడి, రెట్టలోని ప్రొటీన్లు దీనికి పేరున్న కారణాలు. పావురాలు పెంచేవారిలో ఈ జబ్బును వైద్యులు 1960ల్లోనే వర్ణించారు. ఇది అంటువ్యాధి కాదు, కాబట్టి యాంటీబయాటిక్స్ పనిచేయవు. ఏళ్ల తరబడి నిర్లక్ష్యం చేస్తే ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడతాయి. అది వెనక్కి రాదు.

అరుదైన జబ్బు అనుకోవద్దు. 2017లో వెలువడిన భారత ఐఎల్‌డీ రిజిస్ట్రీ దేశవ్యాప్తంగా ఈ తరహా ఊపిరితిత్తుల జబ్బులున్న 1,084 మందిని పరిశీలించింది. వారిలో దాదాపు 47 శాతం మందికి ఉన్నది ఇదే. అందులో ఎయిర్ కూలర్లలోని బూజుకూ పెద్ద వాటా ఉంది. మన ఇళ్లలో కూలరూ ఉంటుంది, కొన్నిచోట్ల పక్కనే పంజరమూ ఉంటుంది.

ఇంకోటి సిటకోసిస్. క్లమీడియా సిటాసీ అనే బ్యాక్టీరియా చిలుకల నుంచి మనుషులకు వస్తుంది. 1929-30లో దక్షిణ అమెరికా చిలుకల దిగుమతితో అమెరికా, యూరప్ దేశాల్లో వ్యాపించి కలకలం రేపింది. జ్వరం, తీవ్రమైన తలనొప్పి, పొడి దగ్గు, న్యుమోనియా దీని లక్షణాలు. డాక్సీసైక్లిన్‌తో బాగా నయమవుతుంది. కానీ ఇంట్లో పక్షి ఉందని డాక్టర్‌కు తెలిస్తేనే ఆ మందు గుర్తుకొస్తుంది.

అందుకే పంజరం అడుగు కాగితాన్ని రోజూ మార్చండి. ఎండిన రెట్టను ఊడ్చొద్దు. నీళ్లు చల్లి, తడిపి తుడవండి. మాస్క్ పెట్టుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. నోటితో తినిపించడం, ముక్కుకు ముద్దు పెట్టడం వద్దు. ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు పంజరం శుభ్రం చేసే పని ఇతరులకు వదిలేయండి.

రామచిలుక అయితే...

ఇక అసలు చిక్కు. ఆ దంపతుల ఇంట్లో ఉన్నది రామచిలుక. పచ్చని ఒళ్లు, ఎర్ర ముక్కు. మన తెలుగు ఇళ్లలో 'చిలుక' అంటే అదే. ఆంధ్రప్రదేశ్ 2018లో రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నదీ దాన్నే. కానీ దాన్ని ఇంట్లో పెంచడం నేరమని చాలామందికి తెలియదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చింది. దేశీయ పక్షుల వ్యాపారాన్ని 1990-91లోనే నిషేధించారు. 2022 సవరణ తర్వాత రామచిలుక రెండో షెడ్యూల్‌లో ఉంది. పట్టినా, అమ్మినా, పెంచినా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. హైదరాబాద్ ముర్గీ చౌక్‌లో కొన్నా, ఊళ్లో చెట్టు తొర్రలో నుంచి తీసినా చట్టం ఒకటే.

బడ్జీలు, కాకటీల్ లాంటి విదేశీ పిట్టల సంగతి వేరు. మన షాపుల్లో లవ్‌బర్డ్స్ అని అమ్మేవి ఎక్కువగా ఆస్ట్రేలియా బడ్జీలే. ఆఫ్రికన్ గ్రే, మకావ్ వంటి, అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్న పక్షులను 2024 నిబంధనల ప్రకారం పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి.

"అయితే డాబా మీదికి తీసుకెళ్లి వదిలేస్తం" అన్నారు ఆ పెద్దాయన. అదీ వద్దు. ఏళ్లుగా పంజరంలో ఉన్న పక్షికి, అందులోనూ ఛాతీ మీద ఈకలు లేనిదానికి, ఎగిరే బలం ఉండదు, తిండి వెతికే తెలివి ఉండదు. పిల్లికో కాకికో దొరికిపోతుంది. అది విడుదల కాదు. అటవీశాఖ అధికారులతో ముందుగా మాట్లాడి అప్పగించాలి. హనుమకొండలో కాకతీయ జూ పార్క్ ఉంది, అక్కడా అడగొచ్చు.

ఆమె ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "పిల్లలిద్దరు అమెరికాల ఉన్నరు మేడం. పొద్దున లేస్తే 'అమ్మా' అని పిలిచేది అదొక్కటే."

చిన్నప్పుడు మనం విన్న కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, చెట్టు తొర్రలో, చిలుకలో ఉండేది. ఈమె ప్రాణం కాజీపేటలో, హాల్లో, పంజరంలో ఉంది. ఒకవైపు భర్త ఊపిరి, మరొకవైపు ఈ పిలుపు. 'చట్టం', 'అలర్జీ' అని రెండు ముక్కలు చెప్పి పంపించే విషయం కాదది. అరగంట కూర్చోబెట్టి మాట్లాడాను. "అమ్మా, మీ ఇంట్లో ఒంటరిగా ఉన్నది మీరొక్కరే కాదు. అదీ ఒంటరిదే. మీకు నోరుంది కాబట్టి నాతో చెప్పుకున్నారు. అది ఈకలతో చెబుతోంది" అన్నాను.

రెండు వారాల తర్వాత వాళ్లే అటవీశాఖ వారితో మాట్లాడి అప్పగించారు. ఇల్లంతా తడిగుడ్డతో తుడిపించారు. పరుపులు, కర్టెన్లు ఉతికించారు, కూలర్ ప్యాడ్లు మార్చారు. ఎందుకంటే పక్షి వెళ్లినా దాని పొడి నెలల తరబడి ఇంట్లోనే ఉంటుంది. ఊపిరితిత్తుల నిపుణుడి పర్యవేక్షణలో ఆయన కొంతకాలం స్టెరాయిడ్లు వాడారు. దగ్గు బాగా తగ్గింది. ఇప్పుడు మెట్లెక్కగలుగుతున్నారు, మధ్యలో ఒకసారి ఆగి. మచ్చపడిన భాగం అలాగే ఉంది.

పోయిన నెల రివ్యూకు వచ్చినప్పుడు ఆమె అన్నారు, "ఇల్లు బోసిపోయింది మేడం" అని. దానికి నా దగ్గర మందు లేదు. కాలనీలో ఆడవాళ్లతో కలిసి పొద్దున నడవమన్నాను. పిల్లలకు వారానికోసారి కాదు, రోజూ వీడియో కాల్ చేయమని చెప్పమన్నాను. ఈ వ్యాసం చదువుతున్న పిల్లలెవరైనా ఉంటే, ఆ మాట మీకూ వర్తిస్తుంది.

భక్త రామదాసు గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు ఎందుకు మగ్గాడో మన పెద్దలు ఒక కథ చెప్పేవారు. పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో బంధించాడట. ఒక్కో రోజుకు ఒక్కో ఏడు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. పంజరంలో ఒక్క రోజు ఎంత పొడుగ్గా ఉంటుందో మాత్రం ఆ కథ కట్టినవాళ్లకు బాగా తెలుసు.

కాబట్టి రామచిలుకను కొనకండి. ఇప్పటికే ఉంటే అటవీశాఖకు అప్పగించండి. పెంచుకోదగిన పిట్ట ఉంటే దానికి పని, నిద్ర, మంచి తిండి, మీ సమయం ఇవ్వండి. ఇవ్వలేమనుకుంటే పెంచకండి. మీలో ఎవరికైనా మూడు వారాలు దాటి దగ్గు ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆయన అడిగినా అడగకపోయినా, ఇంట్లో పక్షి ఉంటే ఆ మాట ముందు చెప్పండి. ఆ రోజు ఆ అమ్మ మొహమాటపడి ఊరుకుని ఉంటే, నేను మూడో యాంటీబయాటిక్ రాసేదాన్నేమో.

(రచయిత్రి ప్రభుత్వ ఆస్పత్రిలో జనరల్ మెడిసిన్ వైద్యురాలు, ఎంబీబీఎస్, ఎండీ)